చైనీస్ ఫాస్ట్‌ఫుడ్: అడగవలసింది ఏది? అడగకూడనిది ఏది?

ఎలమంచిలి నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం మాకు అందింది. వారి పెద్దబ్బాయి అచ్యుతాపురం సెజ్‌లో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. సాయంత్రం బస్సు దిగగానే మిత్రులతో కలిసి రోడ్డు పక్కనున్న చైనీస్ బండి దగ్గర తిని, తమ్ముడికి, చెల్లికి ఒక పార్శిల్ కట్టించుకుని ఇంటికి వస్తుంటాడు. ఒకరోజు వాళ్ళ దాదా ఆ పార్శిల్‌ను చెత్తబుట్టలో పడేశారు. "చైనావాళ్ళ తిండి అంతా హరామే. పైగా ముస్లిమేతరుల చేతి వంట!" అన్నారు. అబ్బాయి కూడా ఊరుకోలేదు. "బిస్మిల్లాహ్ చెప్పి తింటే చాలని హదీసులో ఉంది కదా!" అన్నాడు. అప్పటి నుండి దాదా, మనవడు ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవడం లేదట. "వీరిద్దరిలో ఎవరి మాట సరైనది?" అని ఆ సోదరి అడుగుతున్నారు.

ఇది ఒక్క ఇంటి గొడవ కాదు. ఎలమంచిలి జాతీయ రహదారి మీద, రైలు మార్గం మీద ఉన్న ఊరు. 2022లో జిల్లాల విభజనతో అనకాపల్లి జిల్లాలోకి వచ్చినా, ఉద్యోగాలకు, చదువులకు, ఆసుపత్రులకు విశాఖ వైపు చూసే ఊరే. అనకాపల్లి, గాజువాక, స్టీల్‌ప్లాంటు వైపున్న కాలనీలు, తుని - ఎక్కడ చూసినా సాయంత్రం అయిదు దాటిందంటే ఎర్ర అక్షరాల బండ్లు వెలుస్తాయి. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా, చిల్లీ చికెన్, చికెన్ 65. ఈ ప్రాంతంలో ముస్లిం కుటుంబాలు తక్కువ. మన పిల్లల స్నేహితులు, తోటి ఉద్యోగులు ఎక్కువమంది ముస్లిమేతర సోదరులే. కాబట్టి ఈ ప్రశ్నను తేల్చుకోకుండా రోజు గడవదు.

దాదాగారి ఆందోళన సరైనదే, ఆయన ఇచ్చిన తీర్పు సరైనది కాదు. అబ్బాయి చెప్పిన హదీసు ప్రామాణికమైనదే, దానిని అతను పెట్టిన చోటు సరైనది కాదు. ముందు దాదాగారి మాటను చూద్దాం.

పేరును బట్టి హరామ్ కాదు

ఏదైనా వస్తువును మన నోటికి వచ్చినట్లు ఇది హలాల్, ఇది హరామ్ అని చెప్పడాన్ని దివ్య ఖుర్ఆన్ అల్లాహ్ మీద అబద్ధాన్ని కల్పించడంగా పేర్కొన్నది (అన్ నహ్ల్ : 116). నిషిద్ధమైనదాన్ని ధర్మసమ్మతం అనడం ఎంత ప్రమాదమో, ధర్మసమ్మతమైనదాన్ని నిషిద్ధం అనడం కూడా అంతే ప్రమాదం. ఈ రెండో సగాన్ని మన పెద్దలు కొందరు మరచిపోతుంటారు.

"చైనీస్" అనే మాటలో ఏ దోషమూ లేదు. చైనాలో హుయీ ముస్లింలు శతాబ్దాలుగా నివసిస్తున్నారు. వారి భోజనశాలల మీద "చింగ్‌జెన్" అనే గుర్తు ఉంటుంది; స్వచ్ఛమైనది, సత్యమైనది అని ఆ మాటకు అర్థం, వాడుకలో హలాల్ అన్నమాట. లాన్‌ఝౌ నగరం పేరు మీద ప్రసిద్ధమైన గొడ్డుమాంసపు నూడుల్స్ ఆ ముస్లింల వంటకమే. అంటే నూడుల్స్ మన ధర్మసోదరులు తరతరాలుగా వండుకుని తింటున్న ఆహారం.

ఇక మన వీధి బండి మీది "చైనీస్" నిజానికి చాలావరకు మన దేశంలోనే పుట్టింది. పద్దెనిమిదో శతాబ్దం చివర కలకత్తాకు చేరి స్థిరపడిన చైనీయుల వంట, మన మసాలాతో, పచ్చిమిర్చితో, వెల్లుల్లితో కలిసి ఈ రూపం తీసుకుంది. చికెన్ మంచూరియన్‌ను 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే కలకత్తా చైనీయుడు తయారుచేశాడని చెబుతారు. చికెన్ 65 అయితే చైనాకు సంబంధించినదే కాదు. మద్రాసులోని బుహారీ హోటల్‌లో 1965లో మొదలైందని ప్రసిద్ధి. ఒక ముస్లిం స్థాపించిన హోటల్ అది! దానిని కూడా మనం చైనీస్ బండి మీదే కొంటున్నాం. పేరును చూసి తీర్పు చెప్పేవారు ఈ సంగతి గమనించాలి.

దాదాగారి రెండో మాట మరింత బాధాకరం. "ముస్లిమేతరుల చేతి వంట" అనే కారణంతో ఆహారాన్ని పారవేయడం ఇస్లాం నేర్పిన విషయం కాదు. ఒక ప్రయాణంలో నీళ్ళు దొరకనప్పుడు దైవప్రవక్త (స), ఆయన సహచరులు ఒక బహుదైవారాధకురాలి తోలుసంచిలోని నీటిని వాడుకున్నారని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తున్నది (బుఖారీ, ముస్లిం). ఖైబర్‌లో ఒక యూదు స్త్రీ పంపిన మేకమాంసాన్ని ఆయన స్వీకరించారు. అందులో విషం కలిపి ఉండటం ఆమె చేసిన ద్రోహమే గాని, యూదుల చేతి వంట అయినందువల్ల వచ్చిన దోషం కాదు. మనిషి చేయి అంటుకుంటే అన్నం మైలపడుతుందనే భావన మన చుట్టూ ఉన్న సమాజం నుండి మన ఇళ్ళలోకి వచ్చింది. ఆ అంటరానితనం వల్ల ఈ దేశంలో ఎందరు గాయపడ్డారో మనకు తెలుసు. దానిని ధర్మం పేరుతో మనమే మరొకరి మీద ప్రయోగించడం ఏం న్యాయం? బండి నడిపే ఆ మనిషి కష్టపడి పొట్ట పోసుకుంటున్నాడు. తన చేతి వంటను మన ఇంట్లో చెత్తబుట్టలో వేశారని అతనికి తెలిస్తే ఇస్లాం గురించి ఏమనుకుంటాడు?

కనుక అతను వండిన అన్నం, కూరగాయలు, గుడ్డు, అతను పోసిన నీళ్ళు - వీటి గురించి కూపీ లాగనవసరం లేదు. వీటిలో మూలసూత్రం ధర్మసమ్మతమే. అపవిత్రత కళ్ళకు కనబడితే తప్ప అనుమానించకూడదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక బృందంతో ప్రయాణిస్తూ ఒక నీటితొట్టి దగ్గర ఆగారు. ఈ తొట్టికి క్రూరమృగాలు వస్తుంటాయా అని హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) దాని యజమానిని అడగబోతే, మాకు ఆ సంగతి చెప్పవద్దని ఉమర్ (రజి) యజమానిని వారించారు (మువత్తా). అనవసరమైన ఆరా ధర్మభీతి కాదు.

మాంసం సంగతి వేరు

అబ్బాయి పొరపడింది ఇక్కడే. నీటికి, కూరగాయలకు ఉన్న సూత్రం మాంసానికి వర్తించదు. మాంసం విషయంలో అది ధర్మబద్ధంగా జబహ్ అయిందని తెలిసేదాకా ఆగాలి. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) వేట గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానం దీనికి ఆధారం. తాను అల్లాహ్ పేరు చెప్పి వదిలిన కుక్కతో పాటు మరో కుక్క కూడా వేట జంతువు దగ్గర కనిపించి, దేనివల్ల అది చనిపోయిందో తెలియకపోతే దానిని తినవద్దన్నారు. ఎందుకంటే అతను దైవనామం స్మరించింది తన కుక్క మీదనే, రెండోదాని మీద కాదు (బుఖారీ, ముస్లిం). అల్లాహ్ పేరు స్మరించబడని దానిని తినవద్దని దివ్య ఖుర్ఆన్ కూడా ఆదేశిస్తున్నది (అల్ అన్ఆమ్ : 121).

మరి అబ్బాయి చెప్పిన హదీసు? అది హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం, బుఖారీలో ఉంది. కొందరు తమకు మాంసం తెచ్చి ఇస్తున్నారని, దాని మీద వారు దైవనామం స్మరించారో లేదో తెలియదని అడిగినప్పుడు, మీరు దైవనామం స్మరించి తినండని దైవప్రవక్త (స) చెప్పారు. కాని హజ్రత్ ఆయిషా (రజి) అక్కడే ఒక విషయాన్ని స్పష్టం చేశారు: ఆ తెచ్చినవారు కొత్తగా ఇస్లాం స్వీకరించిన ప్రజలు. అంటే కోసినవాడు ముస్లిమే. అతను బిస్మిల్లాహ్ అన్నాడా, మరచిపోయాడా అన్నదే సందేహం. అలాంటి సందేహాన్ని పట్టించుకోకండి, తోటి ముస్లిం గురించి మంచినే తలచండి అన్నది హదీసు సారాంశం. కోసింది ఎవరో, ఎలా చనిపోయిందో అసలు తెలియని కోడిని మనం చెప్పే బిస్మిల్లాహ్ హలాల్ చేయదు.

మన పట్టణాల్లో చికెన్ సెంటర్లు ఎలా నడుస్తాయో అందరికీ తెలుసు. చాలా షాపుల్లో కోసేవారు ముస్లింలే. పల్లెల్లో మేకను కోయడానికి సాయిబుగారిని పిలిపించే ఆనవాయితీ మన తెలుగునాట ఎప్పటినుండో ఉంది. ముస్లిమేతరులు కూడా దానిని పాటించేవారు. అదే సమయంలో హలాల్ పద్ధతిని పట్టించుకోని షాపులూ ఉన్నాయి. కొన్ని హోటళ్ళు కోళ్ళను తెప్పించి తామే కోసుకుంటాయి. ముస్లిం షాపులో కూడా ఆదివారం రద్దీలో కోడి ప్రాణం పూర్తిగా పోకముందే వేడినీళ్ళలో ముంచడం జరుగుతుంటుంది. ఇది మూగజీవిని హింసించడం. ఆ కోడి కోత వల్ల కాక నీళ్ళలో ఊపిరాడక చనిపోతే హలాలే కాకుండా పోతుంది. మన ఖురేషీ సోదరులు దీనిని తేలికగా తీసుకోకూడదు.

జబహ్ అంటే పదునైన కత్తితో, దైవనామం స్మరించి, శ్వాసనాళాన్ని, అన్ననాళాన్ని, రెండు పక్కల రక్తనాళాలను కోయడం. ఈ నాలుగింటిలో కనీసం మూడు తెగాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అన్నారు. బిస్మిల్లాహ్ మరచిపోతే ఫరవాలేదు, కావాలని వదిలేస్తే ఆ మాంసం నిషిద్ధమని హనఫీ విద్వాంసుల అభిప్రాయం. గ్రంథప్రజలు, అంటే యూదులు, క్రైస్తవులు జబహ్ చేసినది మనకు ధర్మసమ్మతమే (అల్ మాయిదా : 5). మన ప్రాంతంలో క్రైస్తవ సోదరులు నడిపే చికెన్ షాపులు కూడా ఉన్నాయి. అయితే వారి కోత కూడా పై పద్ధతిలో, అల్లాహ్ పేరుతో జరిగిందా అన్నది చూడాలి. షాపు బోర్డు మీద పేరు చదివి నిశ్చింతగా ఉండటం సరిపోదు.

బండివాడి మాట నమ్మవచ్చా?

"అతను ముస్లిం కాదు కదా, హలాల్ అని అతను చెబితే ఎలా నమ్మాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఇక్కడ మన ధర్మవేత్తలు ఎంత సూక్ష్మంగా ఆలోచించారో చూడండి. హనఫీ ధర్మశాస్త్రంలో ప్రామాణిక గ్రంథమైన 'హిదాయా' రచయిత అల్ మర్గీనానీ (మరణం హి.శ. 593, క్రీ.శ. 1197) ఈ సమస్యను చర్చించారు. ఒక ముస్లిం తన అగ్నిపూజక సేవకుడిని మాంసం కోసం బజారుకు పంపాడు. అతను తెచ్చి, ఫలానా ముస్లిం దగ్గరో, యూదుని దగ్గరో, క్రైస్తవుని దగ్గరో కొన్నానని చెప్పాడు. ఆ మాంసం తినవచ్చు. ఎందుకంటే అతను ఇస్తున్నది ధర్మనిర్ణయం కాదు, ఎక్కడ కొన్నాడన్న సమాచారం. క్రయవిక్రయాల్లో ముస్లిమేతరుని మాట కూడా చెల్లుతుంది.

ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఈ మాట మన బండి దగ్గర ఎంత చక్కగా పనికొస్తుందో గమనించండి. "ఇది హలాలేనా?" అని అడిగితే అతనికి ఆ పదానికి పూర్తి అర్థం తెలియకపోవచ్చు. బేరం పోకూడదని అవునంటాడు. కాబట్టి ప్రశ్నను మార్చాలి. 

"అన్నా, చికెన్ ఏ కొట్లో తెస్తారు?"

"రైతుబజారు దగ్గర సాయిబుగారి కొట్లోనే బాబూ, రోజూ అక్కడే."

ఇంతే. చెప్పిన కొట్టు మనకు తెలిసినదై, అతని మాట అబద్ధమనడానికి ఏ గుర్తూ లేకపోతే తినవచ్చు. ఆ కొట్టుకు వెళ్ళి చిట్టా తిరగేయనవసరం లేదు. కాని అతను "మార్కెట్లో ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ" అన్నాడనుకోండి, లేదా ఒక్కోరోజు ఒక్కో పేరు చెబుతున్నాడనుకోండి. అది సందేహాస్పద విషయమే. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, ఈ రెంటి మధ్య ఉన్న సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకున్నట్లేనని హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన హదీసు మనకు దారి చూపుతుంది. అప్పుడు గుడ్డు నూడుల్స్ చెప్పుకుంటే సరి. అతనితో వాదన పెట్టుకోవలసిన పని లేదు. అడగడం కూడా పదిమంది ముందు నిలదీసినట్లు ఉండకూడదు. జైన సోదరులు వెల్లుల్లి లేకుండా చేయమని అడుగుతారు, అయ్యప్ప దీక్షలో ఉన్నవారు వేరే పాత్రలు అడుగుతారు. మన దేశంలో తిండి గురించి అడగడం ఎవరికీ కొత్త కాదు, ఎవరూ తప్పు పట్టరు.

వెజ్ అన్నంత మాత్రాన అయిపోదు

మాంసం సంగతి తెలియని బండి మీద గోబీ మంచూరియా తినవచ్చా? దీని గురించి ఎవరూ ఆలోచించరు గాని, వంట ఎలా జరుగుతుందో చూస్తే విషయం బోధపడుతుంది. నూడుల్స్, ఫ్రైడ్ రైస్ చేసే ఇనుప బాండీని వంటవాడు ఒక్కో ప్లేటు తర్వాత నీళ్ళు పోసి, పీచుతో రుద్ది, ఒలకబోస్తాడు. ఆ బాండీలో ముందు చేసింది జబహ్ కాని చికెన్ అయినా, అలా కడిగిన తర్వాత దోషం ఉండదు. గ్రంథప్రజల పాత్రల గురించి హజ్రత్ అబూ సాలబా (రజి) అడిగినప్పుడు, వేరేవి దొరికితే వాటిలో తినమని, దొరకకపోతే కడిగి వాడుకోమని దైవప్రవక్త (స) చెప్పారు (బుఖారీ, ముస్లిం). కడగకుండా వరుసగా చేస్తుంటే "అన్నా, ఒకసారి బాండీ, గరిటె కడిగి చేయండి" అంటే చాలు.

మంచూరియా అలా కాదు. గోబీ ముక్కలను, చికెన్ ముక్కలను ముందుగానే నూనెలో వేయించి పళ్ళెంలో పోసుకుంటారు. చాలా బండ్లకు నూనె మూకుడు ఒకటే. జబహ్ కాని మాంసం వేగిన నూనె అపవిత్రం, దానిలో వేగిన కాలీఫ్లవర్ కూడా అంతే. కనుక అలాంటి బండి మీద వెజ్ నూడుల్స్‌కు వెసులుబాటు ఉంది గాని, వెజ్ మంచూరియాకు నూనె వేరేదని తెలిస్తే తప్ప లేదు. పూర్తి శాకాహార బండి మీద ఈ సమస్యే రాదు. పెద్ద రెస్టారెంట్లలో మరొకటి చూడాలి: వెజ్ సూప్‌లో కూడా కోడి ఉడికించిన నీళ్ళు గాని, చికెన్ పొడి గాని వేసే అలవాటు కొందరికి ఉంది. అసలైన చైనా వంటలో పంది కొవ్వు, బియ్యపు సారాయి మామూలు దినుసులు. రోడ్డు పక్క బండ్లలో ఇవి సాధారణంగా ఉండవు. పంది మాంసం వండే పెద్ద హోటళ్ళలో అడగవలసిన విషయమే.

సముద్రతీరం కాబట్టి రొయ్యల నూడుల్స్ గురించి కూడా ఒక మాట. రొయ్య చేప కోవలోకి వస్తుందా లేదా అన్న దాని మీద హనఫీ విద్వాంసుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. మిగతా మూడు మజ్‌హబ్‌ల వారు తినవచ్చంటారు. ఇంట్లో తినేవారు బయటా తినవచ్చు, నూనె సంగతి చూసుకుని.

సీసాలు, పొట్లాలు

బండి మీది వెనిగర్ మన మార్కెట్లో ఎక్కువగా దొరికే సింథటిక్ వెనిగరే. అది సారాయి నుండి వచ్చింది కాదు. వెనిగర్ మంచి నంజుడని దైవప్రవక్త (స) మెచ్చుకున్నట్లు హదీసులో ఉంది (ముస్లిం). సోయాసాస్ సహజంగా పులియబెట్టినప్పుడు అతి కొద్దిగా ఆల్కహాల్ పుడుతుంది. కాని ఎంత తాగినా మత్తెక్కించే పదార్థం కాదు గనుక దానిని మద్యంగా లెక్కించరు. సీసా మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే మాంసాహార పదార్థం లేదని అర్థం. ఆ గుర్తు ఆల్కహాల్ గురించి ఏమీ చెప్పదని మాత్రం గుర్తుంచుకోవాలి.

అజినమోటో గురించి మన ఇళ్ళలో చాలా పుకార్లు తిరుగుతుంటాయి. "అది పంది ఎముకల పొడి" అని కొందరు గట్టిగా చెబుతారు. కాదు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెదా సముద్రపు నాచు నుండి దీని రుచిని కనుగొన్నారు. ఇప్పుడు చెరకు మడ్డి వంటివాటిని సూక్ష్మజీవులతో పులియబెట్టి తయారుచేస్తారు. పుకారుకు ఒక మూలం ఉండి ఉండవచ్చు. ఇండోనేషియాలోని అజినమోటో ఫ్యాక్టరీలో ఆ సూక్ష్మజీవులకు వేసే పోషకం తయారీలో పంది నుండి తీసిన ఎంజైమ్ వాడినట్లు 2000 చివరలో బయటపడింది. అక్కడి ఉలమా మండలి అది హరామని ప్రకటించింది. 2001 జనవరిలో కంపెనీ దాదాపు 3000 టన్నుల సరుకును మార్కెట్ నుండి వెనక్కి తీసుకుంది. చివరి ఉత్పత్తిలో పంది పదార్థం లేదు కాబట్టి తినవచ్చని, స్వయంగా ధర్మవిద్వాంసుడైన నాటి అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వహీద్ అన్నారు. కొన్ని వారాల్లోనే ఆ పోషకాన్ని మార్చి, కొత్త సరుకుకు హలాల్ ధ్రువీకరణ పొందారు. ఒక దేశంలో, ఒక ఫ్యాక్టరీలో, ఒక కాలంలో జరిగిన విషయమది. దానిని ప్రపంచంలోని ప్రతి పొట్లానికీ అంటగట్టడం మళ్ళీ ఆ అన్ నహ్ల్ వాక్యం హెచ్చరించిన పనే అవుతుంది.

హలాల్ అయితే సరిపోతుందా?

దివ్య ఖుర్ఆన్ హలాల్‌తో పాటు 'తయ్యిబ్'ను కూడా కోరుతున్నది (అల్ బఖరా : 168). తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, మేలైనది. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. అంతకుముందు పరీక్షించిన 171 నమూనాలలో 107 సురక్షితం కానివని తేలింది. దుస్తులకు వేసే రోడమిన్-బి వంటి రంగులు తిండిలో కలుస్తున్నాయన్నది అక్కడి ఆందోళన. మన బండ్ల మీది చికెన్ 65 ఎరుపు దానికంటే తక్కువగా ఏమీ లేదు. చేతికి అంటుకుని సబ్బుతో కడిగినా పోని ఎరుపు కారంపొడిది కాదు. "రంగు వేయకుండా చేయండి" అని మనం అడిగితే, పక్కనున్న నలుగురికి కూడా మేలు జరుగుతుంది.

ఇంకొక విషయాన్ని యువకులకు గట్టిగానే చెప్పవలసి ఉంది. మన ఊళ్ళలో చాలా ఫాస్ట్‌ఫుడ్ బండ్లు మద్యం దుకాణాల పక్కనే ఉంటాయి. అక్కడ చిల్లీ చికెన్ అన్నం కోసం కాదు, గ్లాసు పక్కన నంజుకోవడానికి. మద్యం తిరుగుతున్న భోజనపు బల్ల దగ్గర విశ్వాసి కూర్చోరాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు (తిర్మిజీ). చికెన్ ఎంత హలాల్ అయినా అక్కడ కూర్చుని తినడం సరికాదు. బండ్లు వెలిగే వేళ మగ్రిబ్ వేళ కూడా. ప్లేటు కోసం అరగంట నిలబడి మూడు రకాతుల ఫర్జ్‌ను పోగొట్టుకుంటున్నవారు తమను తాము ప్రశ్నించుకోవాలి.

ఆ సోదరికి మేము ఇచ్చే సలహా ఇది. అబ్బాయి ఆ బండి యజమానిని చికెన్ ఎక్కడిదో అడిగి, జవాబును దాదాకు చెప్పాలి. జవాబు సంతృప్తిగా లేకపోతే మరొక మార్గం ఉంది. కొన్నిచోట్ల మన కుర్రాళ్ళు వారానికి ఒకసారి తెలిసిన షాపులో కిలో చికెన్ కోయించి, శుభ్రం చేయించి, బండివాడికి ఇచ్చి తమ కోసం వండించుకుంటున్నారు. అతనికి బేరం పోదు, కూలి దక్కుతుంది. అలా చేయించేటప్పుడు బండి తెరిచిన వెంటనే, మొదటి వంటగా చేయించుకోవాలి. పాత నూనె తీసేసి, మూకుడు కడిగించి, కొత్త నూనె పోయించాలి. ఆ నూనె డబ్బు మనమే ఇవ్వాలి. మొదటి ప్లేటు దాదాగారికి పంపితే బాగుంటుంది.